రీడ్‌బ్యాక్ ఒప్పు, మలుపు తప్పు: విదేశంలో శిక్షణ పొందుతున్న ఒక విద్యార్థి పైలట్ కేసు

విదేశీ ఫ్లయింగ్ స్కూళ్లలో చేరి మధ్యలో ఆగిపోయిన మన పిల్లల రికార్డులు తిరగేస్తే ఎక్కువగా కనిపించే మాట "ఇంగ్లీషు చాలదు". కంట్రోల్ టవర్లో చాలా ఏళ్లు పనిచేశాను. ఇప్పుడు విశాఖపట్నంలో పైలట్ విద్యార్థులకు రేడియో సంభాషణ నేర్పుతున్నాను. ఆ మాటను చూసిన వెంటనే నమ్మను. ఎక్కడ చాలదు, ఏ పనిలో చాలదు, ఏ క్షణంలో చాలదు అన్నది తేల్చకుండా ఒక కుర్రవాడి భవిష్యత్తు మీద అంత మాట రాసేయడం అన్యాయం.

ఈ కేసు రాసిపెట్టడానికి కారణం ఉంది. ఇందులో విద్యార్థి రేడియోలో పలికిన మాట సరైనదే, విమానంతో చేసిన పని తప్పు. భాష సమస్య అంటే ఏమిటో దీనికంటే స్పష్టంగా చూపించిన కేసు నాకు తగల్లేదు. విద్యార్థి అనుమతితోనే రాస్తున్నాను. ఊరు, స్కూలు, కాలం, కుటుంబ వివరాలు వదిలేశాను, కొన్ని మార్చాను.

నేపథ్యం

ఉత్తరాంధ్రలోని ఒక మండల కేంద్రంలో పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఇంటర్‌లో ఎంపీసీ, ఆ తర్వాత విశాఖలో ఇంజినీరింగ్. కాలేజీ పేరుకు ఇంగ్లీషు మీడియమే అయినా, తరగతి గది దాటితే స్నేహితులు, హాస్టలు, క్యాంటీను అన్నీ తెలుగే. ఇంగ్లీషు చదివితే అర్థమవుతుంది, తప్పుల్లేకుండా రాయగలడు. మాట్లాడాల్సిన అవసరం మాత్రం పెద్దగా రాలేదు.

మన దేశంలో కమర్షియల్ పైలట్ లైసెన్సుకు పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ 200 గంటల ఫ్లయింగ్ అడుగుతుంది. ఇక్కడ ఆ గంటలు పూర్తి కావడానికి ఎక్కువ కాలం పడుతుందన్న భయంతో, పొలం మీద అప్పు తీసుకుని ఇంటివాళ్లు అతన్ని అమెరికా పంపారు. అక్కడి నిబంధనల ప్రకారం విద్యార్థి పైలట్ ఇంగ్లీషు చదవగలగాలి, రాయగలగాలి, మాట్లాడగలగాలి, అర్థం చేసుకోగలగాలి. ప్రవేశ సంభాషణలో అతనికి ఎక్కడా ఇబ్బంది రాలేదు. ఎదురుగా కూర్చుని, ముఖం చూస్తూ, తీరికగా మాట్లాడే సంభాషణ అది. ఆకాశంలో వీటిలో ఏదీ ఉండదు.

తోటి విద్యార్థులు ఒంటరిగా ఎగురుతున్నా ఇతనికి అనుమతి రాలేదు. ఇన్‌స్ట్రక్టర్లు మారారు. ప్రతి ఒక్కరూ రాసింది దాదాపు ఒకటే: విమానం బాగానే నడుపుతాడు, రేడియో బలహీనం. స్కూలు ఉచ్చారణ మెరుగుపరిచే తరగతులు పెట్టించింది. సినిమాలు చూడమంది. తెలుగు పిల్లలతో కలిసి ఉండవద్దని సలహా ఇచ్చింది. అతను తన వంతుగా ఒక లావుపాటి నోటు పుస్తకం తయారు చేసుకున్నాడు. ఎడమ పేజీలో కంట్రోలర్ అనగల వాక్యం, కుడి పేజీలో తాను చెప్పాల్సిన జవాబు. మొత్తం కంఠస్థం చేశాడు.

అసలు సంఘటన

విమానాలు రన్‌వే చుట్టూ దీర్ఘచతురస్రాకారంలో తిరుగుతూ టేకాఫ్, ల్యాండింగ్ సాధన చేస్తాయి. దాన్ని సర్క్యూట్ అంటాం, అమెరికాలో ట్రాఫిక్ ప్యాటర్న్ అంటారు. రన్‌వేకు సమాంతరంగా, దిగే దిశకు వ్యతిరేకంగా వెళ్లే గీత డౌన్‌విండ్. దాని చివర తొంభై డిగ్రీలు తిరిగితే బేస్. మరో తొంభై తిరిగితే రన్‌వేకు ఎదురుగా ఫైనల్.

శిక్షణలో ఒక దశ దాటడానికి పెట్టే దశ పరీక్ష రోజున ఇతను డౌన్‌విండ్‌లో ఉన్నాడు. దూరం నుంచి మరో విమానం నేరుగా ఫైనల్‌లోకి వస్తోంది. దానికి దారి ఇవ్వడం కోసం కంట్రోలర్ ఇతనితో డౌన్‌విండ్‌ను పొడిగించమని, బేస్ ఎప్పుడు తిరగాలో తానే చెబుతానని అన్నాడు. ఇతను కాల్‌సైన్‌తో, అంటే రేడియోలో తన విమానాన్ని పిలిచే పేరుతో, సహా తడబడకుండా తిరిగి చెప్పాడు. ఆ తర్వాత కాసేపటికే, రోజూ తిరిగే చోట, రోజూ తిరిగినట్టే బేస్‌కు తిరిగాడు. పక్కన కూర్చున్న పరీక్షకుడు కంట్రోల్ తన చేతిలోకి తీసుకున్నాడు. ప్రమాదమేమీ జరగలేదు. పరీక్ష అక్కడితో ఆగిపోయింది. కొంతకాలం విరామం తీసుకుని ఇంగ్లీషు మెరుగుపరచుకుని రమ్మని స్కూలు పంపేసింది.

తండ్రితో కలిసి నా దగ్గరకు వచ్చాడు. "మాస్టారూ, వాడికి ఎలాగైనా ఇంగ్లీషు నేర్పండి" అన్నారు ఆయన. "కావలసింది ఇంగ్లీషో మరొకటో ముందు చూద్దామండి. అది తేలకుండా మొదలుపెడితే మీ డబ్బు, అతని కాలం రెండూ పోతాయి" అన్నాను.

నన్ను ఆపింది ఆ రీడ్‌బ్యాక్. కంట్రోలర్ చెప్పింది పైలట్ తిరిగి చెప్పడం, కంట్రోలర్ దాన్ని విని సరిచూడడం విమానయాన భద్రతకు పునాది. అయితే ఈ ఏర్పాటు మాటలనే సరిచూస్తుంది. చెవిన పడిన శబ్దాన్ని నోరు అలాగే తిప్పి పంపితే టవర్‌లో ఉన్నవారికి అంతా సవ్యంగా ఉన్నట్టే వినిపిస్తుంది. నేను టవర్లో కూర్చున్న కాలంలోనూ నన్ను కలవరపెట్టింది తడబడే గొంతులు కావు. తడబడేవాడి మీద కంట్రోలర్ ఒక కన్ను వేసి ఉంచుతాడు. చక్కగా అప్పజెప్పేవాడి మీద ఉంచడు.

1996 నవంబర్ 12న హర్యానాలోని చర్ఖీ దాద్రీ మీద సౌదీ బోయింగ్, కజకిస్తాన్ ఇల్యూషిన్ ఢీకొని 349 మంది చనిపోయారు. కజక్ విమానానికి 15,000 అడుగుల దగ్గర ఉండమని అనుమతి ఇచ్చారు. ఎదురుగా 14,000 అడుగుల్లో మరో విమానం వస్తోందని కూడా చెప్పారు. ఆ విమానంలో రేడియో మాట్లాడే మనిషి వేరు, నడిపే మనుషులు వేరు. మాట ఒకరి దగ్గర ఆగింది, విమానం ఇంకొకరి చేతుల్లో కిందికి దిగింది. విచారణలో సిబ్బంది ఇంగ్లీషు పరిజ్ఞానం చాలకపోవడం కూడా కారణాల్లో ఒకటిగా తేలింది. నా ముందున్న కుర్రవాడి విషయంలో నోరూ చేయీ ఒకే మనిషివి. అయినా వాటి మధ్య అలాంటి ఎడమే ఉందా అన్నది నా అనుమానం.

నిర్ధారణ

మూడు పరీక్షలు పెట్టాను. మొదట, అమెరికా విమానాశ్రయాల రేడియో రికార్డింగులు మామూలు వేగంతోనే వినిపించి, విన్నది రాయమన్నాను. చాలా వరకు సరిగ్గా రాశాడు. అంటే చెవి పనిచేస్తోంది. ఆ తర్వాత బల్ల మీద సిమ్యులేటర్‌లో దిశ, ఎత్తు నిలబెడుతూ అలాంటివే వినమన్నాను. ఇక్కడ సగానికి సగం జారిపోయాయి. కొత్తగా నేర్చుకునే ఎవరికైనా కొంత జారుతుంది కాబట్టి దీని ఒక్కదాన్ని బట్టి ఏమీ తేల్చలేం.

మూడోదే కీలకం. అతను తన చేత్తో తప్పు లేకుండా రాసిన వాక్యాలనే ముందు పెట్టి, "ఇప్పుడు నీ విమానం ఎక్కడుంది, అవతలి విమానం ఎక్కడుంది, నువ్వు ఎటు వెళ్లాలి, ఎందుకు? తెలుగులోనే చెప్పు, కాగితం మీద గీసి చూపించు" అన్నాను. పెన్సిలు కాగితం మీద ఆగిపోయింది. తన విమానాన్ని గీశాడు. రెండో విమానాన్ని ఎక్కడ పెట్టాలో తెలియలేదు. మాటలన్నీ తెలుసు, వాటి వెనుక ఉండాల్సిన ఆకాశం మనసులో లేదు.

విమాన రేడియో వినడమంటే ప్రతి శబ్దాన్నీ పట్టుకోవడం అనుకుంటారు. అనుభవజ్ఞుడైన పైలట్ అలా వినడు. విశాఖ ద్వారకా బస్ స్టేషన్‌లో ఎంత గోలలోనైనా మన బస్సు ప్రకటన మన చెవిన పడుతుంది, ఎందుకంటే ఏ ఊరి బస్సు కోసం ఎదురుచూస్తున్నామో మనకు ముందే తెలుసు. పైలట్ వినడం కూడా అంతే. తాను ఎక్కడున్నాడో, చుట్టూ ఎవరున్నారో తెలిస్తే కంట్రోలర్ తరువాత ఏమనవచ్చో నాలుగైదు అవకాశాలకు కుదించుకుపోతుంది. వినడం వాటిలో ఒకదాన్ని ఎంచుకోవడం అవుతుంది. ఆ చిత్రం లేనివాడికి ప్రతి వాక్యమూ కొత్తదే. కొత్త వాక్యాన్ని అరక్షణంలో అర్థం చేసుకోలేడు కాబట్టి అరక్షణంలో అప్పజెప్పడం నేర్చుకున్నాడు. నోటు పుస్తకం అందుకు ఉపయోగపడింది.

అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఐకావో 2003లో భాషా ప్రమాణాలు తెచ్చి, 2008 మార్చి నుంచి వర్తింపజేసింది. అందులో ఆరు స్థాయిలు ఉంటాయి, కనీసం నాలుగో స్థాయి కావాలి. ఉచ్చారణ, వాక్యనిర్మాణం, పదసంపద, ధారాళత, గ్రహణం, పరస్పర సంభాషణ అనే ఆరు కోణాలు చూస్తారు. ఆరింటిలో ఏది తక్కువైతే అదే చివరి స్థాయి. నా అంచనాలో ఇతను మొదటి నాలుగు కోణాల్లో గట్టెక్కుతాడు. ఆగేది చివరి రెండింటి దగ్గర. పరస్పర సంభాషణలో నాలుగో స్థాయి అంటే అపార్థం కలిగినట్టు అనిపించినప్పుడు సరిచూసుకోవడం, నిర్ధారించుకోవడం, వివరణ అడగడం చేతకావాలి. ఇతను ఎన్నడూ అడగలేదు. స్కూలు డబ్బు పెట్టించింది ఉచ్చారణ మీద. అంటే చికిత్స జరిగింది ఆరోగ్యంగా ఉన్న భాగానికి.

పనిచేయనివి

ముందుగా, రికార్డింగుల వేగం తగ్గించి వినిపించాం. తేలికైన చోట మొదలుపెడితే ధైర్యం వస్తుందన్నది ఆలోచన. ధైర్యం వచ్చింది, పనికి రాలేదు. నెమ్మదిగా పలికిన మాటలో ప్రతి అక్షరం విడివిడిగా వినిపిస్తుంది. అసలు వేగంలో అమెరికన్ కంట్రోలర్ సగం అచ్చులు మింగేస్తాడు. నెమ్మది చేసిన శబ్దానికి అలవాటు పడిన చెవి ఆకాశంలో ఉండని భాషకు అలవాటు పడినట్టే. మామూలు వేగానికి తిరిగిరాగానే మొదటికొచ్చింది, దాన్ని ఆపేశాం.

నోటు పుస్తకాన్ని పూర్తిగా మానిపించకుండా, విభాగాలుగా సర్దుకుంటే మేలవుతుందేమో అని కొన్నాళ్లు ప్రయత్నించాం. ఒక మాట అటూ ఇటూ అయితే చాలు, మనసు పేజీలు వెతకడం మొదలుపెట్టేది. కళ్లలో కనిపించేది ఆ వెతుకులాట. చివరికి ఆ పుస్తకాన్ని నా బీరువాలో పెట్టేశాను. మొదట దిగులు పడ్డాడు. కష్టపడి సంపాదించుకున్నది లాగేసుకున్నట్టు ఉంటుంది కాబట్టి ఆ దిగులును నేను తేలిగ్గా తీసుకోలేదు. ఎందుకు తీసేస్తున్నానో కూర్చోబెట్టి చెప్పాను.

ఉచ్చారణలో రెండే సవరించాం. అంకెలను కలగలపకుండా విడిగా పలకడం, హల్లుతో ముగిసే మాటకు మన అలవాటు ప్రకారం చివర ఉకారం తగిలించకపోవడం. మిగతా యాస జోలికి వెళ్లలేదు. టవర్‌కు కావలసింది స్పష్టత. అమెరికన్‌లా వినిపించాలన్న తాపత్రయం విద్యార్థి శ్రద్ధలో పెద్ద భాగాన్ని తినేస్తుంది.

డాబా మీద సర్క్యూట్

గోపాలపట్నంలోని మా డాబా మీద సుద్దతో సర్క్యూట్ గీశాను. మన విశాఖ రన్‌వే దిక్కుల్లోనే, అంటే 10, 28 దిశల్లో (రన్‌వే అంకె పక్కన సున్నా చేరిస్తే డిగ్రీల్లో దిశ వస్తుంది). ఆ రన్‌వే ఉన్నది ఐఎన్‌ఎస్ డేగా అనే నౌకాదళ స్థావరంలో, మా విద్యార్థులు అక్కడ సాధన చేయరు, ఇది ఊహకే. అయినా అమెరికా పటం కాకుండా ఇదే ఎందుకంటే ఈ ఊరి దిక్కులు అతని ఒంటికి తెలుసు. 28 వైపు టేకాఫ్ అయి ఎడమకు తిరుగుతూ డౌన్‌విండ్‌లోకి వస్తే రన్‌వే ఎడమ చేతి వైపు, గాజువాక కుడి చేతి వైపు. బేస్ తిరిగితే ఎదురుగా సింహాచలం కొండల వరుస. దిశల అంకెలు 190, 100, 010, 280 ఒక్కసారిగా అర్థమున్న అంకెలయ్యాయి.

అతను విమానమై ఆ గీతల మీద నడవాలి. నేను గోడవైపు తిరిగి కూర్చుని ఫోనులో కంట్రోలర్‌గా మాట్లాడాలి. ఇంకో విద్యార్థి టోపీ పెట్టుకుని రెండో విమానం. మొదటి సాయంత్రమే డౌన్‌విండ్ పొడిగించమన్నాను. చక్కగా రీడ్‌బ్యాక్ వచ్చింది. వెనక్కి తిరిగి చూశాను. నోరు ఇంకా ఆ వాక్యం చివర ఉండగానే అతని పాదం సుద్దగీత మూల దగ్గర ఎడమకు తిరిగింది. అమెరికాలో జరిగిందే నా కళ్ల ముందు, నాలుగడుగుల దూరంలో మళ్లీ జరిగింది. తిరిగానన్న సంగతి టోపీ కుర్రవాణ్ని ఢీకొట్టేదాకా అతనికే తెలియలేదు.

అక్కడ ఆగి అడిగితే తెలిసింది: ఆ స్కూలు దగ్గర అతను ఎప్పుడూ ఒక నీళ్ల ట్యాంకు కనిపించగానే బేస్ తిరిగేవాడట. ఎందుకు అక్కడే అన్నది ఎవరూ చెప్పలేదు, అతను అడగలేదు. మాటలను కంఠస్థం చేసినట్టే మలుపునూ కంఠస్థం చేశాడు. కాబట్టి ఇంగ్లీషు ఎంత నేర్పినా ఆ మలుపు అక్కడే ఉండేది.

తడిగుడ్డతో ఆ మూలను చెరిపేశాను. డౌన్‌విండ్ గీత ఇప్పుడు పిట్టగోడ దాకా పోతుంది, ఎక్కడ తిరగాలో గీత చెప్పదు. ముందున్న విమానం ఫైనల్‌లో నీ రెక్కకు సరిగ్గా పక్కకు వచ్చి దాటిపోయాక తిరుగు, లేదా కంట్రోలర్ పిలిచినప్పుడు తిరుగు. అంటే టోపీ కుర్రవాడు ఎక్కడున్నాడో చూడకుండా అతను నడవలేడు. లెక్క కూడా జోడించాం: గంటకు 90 నాటికల్ మైళ్ల వేగమంటే నిమిషానికి మైలున్నర. రెండు నిమిషాలు పొడిగిస్తే రన్‌వే మూడు మైళ్లు వెనక్కి పోతుంది. అప్పుడు ఎత్తు ఎప్పుడు తగ్గించాలి? ఈ చర్చంతా తెలుగులోనే.

ఇక్కడ నా అభిప్రాయం ఖచ్చితంగా చెప్పాలి. చాలామంది శిక్షకులు మొదటి రోజు నుంచీ ఇంగ్లీషే అంటారు, తెలుగులో ఆలోచిస్తే గాలిలో ఆలస్యమవుతుందని భయపడతారు. భయంలో అర్థముంది. కానీ సగం తెలిసిన భాషలో నేర్పితే అవగాహనే సగమవుతుంది. ఎవరు ముందు, ఎవరు వెనుక, నేనెందుకు ఆగాలి అన్నది మనిషి తనకు పట్టున్న భాషలో ప్రశ్నలు వేసి, వాదించి, పూర్తిగా అర్థం చేసుకోవాలి. కాబట్టి క్రమం ఇలా పెట్టుకున్నాను. మొదట నేను తెలుగులో ఆదేశమిస్తాను, అతను తెలుగులో చెప్పి నడుస్తాడు. తర్వాత నేను ఇంగ్లీషులో ఆదేశిస్తాను, అతను ముందు కదులుతాడు, ఆపై ఏం చేశాడో తెలుగులో చెబుతాడు. చివరికి ఇంగ్లీషు ఆదేశం, కదలిక, ఇంగ్లీషు రీడ్‌బ్యాక్. రేడియోలో మాత్రం ఒక్క తెలుగు ముక్క కూడా రాకూడదు. మూడో దశకు వచ్చేసరికి ఆదేశం విన్న వెంటనే కాలు కదిలేది, మధ్యలో ఏ భాషా అడ్డుపడేది కాదు. ఆలస్యం వస్తుందన్న భయం ఈ కేసులో నిలబడలేదు.

దీనితో పాటు మరో అలవాటు. ప్రతి గీత మొదట్లో "ఇప్పుడు కంట్రోలర్ ఏమేమి అనవచ్చు?" అని అడిగేవాణ్ని. డౌన్‌విండ్‌లో అయితే దిగడానికి అనుమతి, ముందున్న విమానాన్ని అనుసరించడం, పొడిగింపు, దగ్గరగా తిరగడం, అక్కడే ఒక చుట్టు కొట్టడం. ఈ జాబితాలో లేనిది వినిపిస్తే, నువ్వు తప్పు విన్నావు లేదా ఆకాశం నువ్వనుకున్నట్టు లేదు. రెండు సందర్భాల్లోనూ అడగాలి.

అడగడం నేర్పడం

అన్నిటికంటే కష్టమైంది ఇదే. ఒక సాయంత్రం కావాలనే, లేని రన్‌వే మీద దిగడానికి అనుమతిచ్చాను. డాబా మీద ఉన్నది 28, నేను చెప్పింది 24. తడుముకోకుండా 24 అని తిరిగి చెప్పి 28లో దిగాడు. "24 ఎక్కడుంది?" అన్నాను. "లేదు సార్." "మరి ఎందుకు ఒప్పుకున్నావు?" "మీరు చెప్పారు కదా సార్."

ఆ జవాబులో ఇంగ్లీషు సమస్య ఏమీ లేదు. అతను చదివిన తరగతి గదుల్లో రెండోసారి అడిగినవాడు పాఠం విననివాడు. పెద్దలు చెప్పింది మళ్లీ చెప్పమనడం అవిధేయత. ఆ మర్యాద మంచి ఇంట్లో పెరిగినందుకు వచ్చింది, దాన్ని తిట్టి పోగొట్టలేం, పోగొట్టాలని నాకూ లేదు. అలాగని ధైర్యంగా ఉండమని చెప్పినంత మాత్రాన ధైర్యం రాదు. అందుకే కంట్రోలర్ కుర్చీలోంచి నేను లేచి, అతనికంటే చిన్నవాడైన ఇంటర్ కుర్రవాణ్ని కూర్చోబెట్టాను. ప్రతి సాయంత్రం కొన్ని తప్పుడు ఆదేశాలు రాసి అతని చేతిలో పెట్టేవాణ్ని. తమ్ముడి వయసు వాడిని ప్రశ్నించడానికి ఇతనికి ఏ సంకోచమూ లేదు. "ఒరేయ్, అటు రన్‌వే లేదురా" అని నవ్వాడు. "అదే మాట రేడియో భాషలో చెప్పు" అన్నాను. నోటికి అలవాటయ్యాక మళ్లీ నేను కూర్చున్నాను. ఆ తర్వాత అతనికి పరిచయం లేని నా పాత సహోద్యోగితో ఫోనులో గట్టి గొంతుతో మాట్లాడించాను.

మార్కులు అడిగినందుకే. తప్పు ఆదేశాన్ని చక్కగా అప్పజెబితే సున్నా. అడగడంలోనూ నైపుణ్యముంది. మొత్తం మళ్లీ చెప్పమంటే కంట్రోలర్ మొత్తం అదే వేగంతో మళ్లీ చెబుతాడు. ఫలానా మాట తర్వాతిది చెప్పండి అనో, నేను విన్నది ఇది, అవునా అనో అడిగితే జవాబు చిన్నదిగా వస్తుంది, చిన్నది అర్థమవుతుంది. చేయలేనిదైతే చేయలేనని ఒక్క మాటలో చెప్పే హక్కు కూడా పైలట్‌కు ఉంది.

అమెరికా పౌర విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ పైలట్ల కోసం ప్రచురించే మార్గదర్శిలో, విద్యార్థి పైలట్ మొదటిసారి పిలిచేటప్పుడు తాను విద్యార్థినని చెప్పుకోవాలని సిఫారసు ఉంది. అలా చెబితే కంట్రోలర్ అదనపు శ్రద్ధ చూపుతాడు. ఇతను ఒక్కసారీ చెప్పలేదు, నామోషీ అనుకున్నాడు. టవర్ లోపల ఆ మాట ఎలా వినబడుతుందో నేను చెప్పాను: విద్యార్థి అని తెలిస్తే నెమ్మదిగా, ముక్కలు ముక్కలుగా ఆదేశమిస్తాం, అతని వెనుక వచ్చే విమానానికి ఇంకొంచెం దూరం పెడతాం. చెప్పకపోతే అందరిలాగే చూస్తాం. టవర్లో పనిచేసిన మనిషి నోట వినడం వల్ల కావచ్చు, ఇది మాత్రం వెంటనే అతనికి ఎక్కింది.

తెలుగు సాయపడని చోటు

నా పద్ధతికి హద్దు ఎక్కడో కూడా ఈ కేసు చూపించింది. మామూలు ఆదేశాల వరకు చిత్రం ఉంటే చాలు. అనుకోనిది జరిగినప్పుడు మాత్రం సొంత వాక్యం కావాలి. ఇంజను అదురుతోంది, తలుపు సరిగ్గా పడలేదు, అద్దానికి పక్షి తగిలింది, దారి తప్పాను. ఇవి ఏ నోటు పుస్తకంలోనూ అలాగే దొరకవు. 1990 జనవరి 25న న్యూయార్క్ దగ్గర అవియాంకా 52 విమానం ఇంధనం అయిపోయి కూలింది, 73 మంది చనిపోయారు. ఇంధనం తగ్గిపోతోందని సిబ్బంది చెప్పారు, అత్యవసర పరిస్థితి అని మాత్రం ప్రకటించలేదు. కంట్రోలర్లకు పరిస్థితి తీవ్రత అందలేదు.

ఇందుకు దగ్గరి దారి నాకు దొరకలేదు. రోజూ ఒక పరిస్థితి ఇచ్చి, చిన్న చిన్న ఇంగ్లీషు వాక్యాల్లో మూడు సంగతులు చెప్పించేవాణ్ని: ఏం జరిగింది, ఏం చేయబోతున్నాను, నాకేం కావాలి. వ్యాకరణం తప్పినా ఆపేవాణ్ని కాదు. ఆ మూడిట్లో ఒకటి తప్పిపోతే ఆపేవాణ్ని. ప్రాణాపాయమైతే మేడే, అంత కాకపోతే పాన్ పాన్, మూడేసి సార్లు. మొహమాటపడి ఆ మాటను మింగవద్దని పదేపదే చెప్పాను. అన్నిటికంటే ఎక్కువ కాలం పట్టింది దీనికే. తిరిగి వెళ్లేనాటికి కూడా ఇది పూర్తి కాలేదు.

స్కూలుతో

విద్యార్థిని మాత్రమే మార్చి అదే వాతావరణంలోకి పంపితే పాత అలవాటు తిరిగొస్తుంది. అందుకని అతని ఇన్‌స్ట్రక్టర్‌కు ఉత్తరం రాశాను. నిర్ధారణ వివరించి, ఎగిరే ముందు ఆనాటి సర్క్యూట్‌ను అతని చేతనే గీయించమని, "అర్థమైందా" అని అడగవద్దని కోరాను. ఆ ప్రశ్నకు మన పిల్లల దగ్గర ఒకే జవాబు ఉంటుంది. దానికి బదులు "ఇప్పుడు ఏం చేస్తావు" అని అడగమన్నాను. గాలిలో వారానికోసారైనా తాను కావాలనే ఒక తప్పు మాట చెప్పి, అతను పట్టుకుంటాడో లేదో చూడమన్నాను. ఆ ఇన్‌స్ట్రక్టర్ ఆసక్తిగా జవాబిచ్చాడు, ఇవన్నీ పాటించాడు. తెలుగు పిల్లలతో కలిసి ఉండవద్దన్న సలహాను మాత్రం పక్కన పెట్టమన్నాను. సాయంత్రాలు గదిలో ఆనాటి ఫ్లయింగ్‌ను తెలుగులో విడమరచి చర్చించుకోవడం అతనికి అవసరం. ఆ చర్చలో నేలమీద గీతలు గీయడం ఇప్పుడు వాళ్ల గదిలో అందరికీ అలవాటైంది.

ఫలితం

తిరిగి వెళ్లిన కొద్ది వారాలకు దశ పరీక్ష దాటాడు, ఒంటరిగా ఎగిరాడు. ఆ తర్వాత ఒకసారి కంట్రోలర్ పొరపాటున ఇతని కాల్‌సైన్‌తో పక్క విమానానికి ఇవ్వాల్సిన ఆదేశం ఇచ్చాడట. ఇతను తిరగకుండా, ఆ ఆదేశం తనకేనా అని అడిగాడు. కంట్రోలర్ సరిదిద్దుకున్నాడు. ఫోనులో ఈ సంగతి చెప్పినప్పుడు లైసెన్సు వచ్చిందన్న కబురుకంటే ఎక్కువ సంతోషపడ్డాను.

లైసెన్సు తీసుకుని వచ్చాక ఇక్కడి రేడియో పరీక్షకు మళ్లీ నా దగ్గరే సిద్ధమయ్యాడు. అమెరికా అలవాట్లు కొన్ని మార్చుకోవాలి. అక్కడ ఫ్రీక్వెన్సీలో పాయింట్ అంటారు, ఇక్కడ డెసిమల్ అనాలి. అక్కడ వాయుపీడనాన్ని పాదరసపు అంగుళాల్లో ఆల్టిమీటర్ అని చెబుతారు, ఇక్కడ హెక్టోపాస్కల్స్‌లో క్యూఎన్‌హెచ్. ఎత్తును వందల అడుగుల్లో చెప్పే ఫ్లైట్ లెవెల్స్ అక్కడ 18,000 అడుగుల దగ్గర మొదలవుతాయి, ఇక్కడ అంతకంటే చాలా తక్కువ ఎత్తులోనే. కంఠస్థం మీద ఆధారపడే విద్యార్థులను ఈ మార్పు నెలల తరబడి ఇబ్బంది పెడుతుంది. ఇతను మాటలు మార్చుకున్నాడంతే, మిగతాదంతా అతనికి ముందే తెలుసు. బీరువాలో ఉన్న నోటు పుస్తకం తీసుకుంటావా అని అడిగితే, కొత్తగా చేరిన పిల్లలకు ఇవ్వవద్దని మాత్రం కోరాడు. వాళ్లకు అన్నిటికంటే ముందు డాబా చూపిస్తున్నాను.